నడుమ గళ్లు వదలి ఆడే ఆట
(మన సంఘపు సాయంకాల గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సంచికలో పద్యాలూ, పంచాంగమూ, పిండివంటలూ వుండడం ఆచారం. వాటి నడుమ చదరంగం యేమిటని కొందరికి అనిపించవచ్చు. నేను పండితుణ్ణి కాను. పతకాలు తెచ్చినవాణ్ణీ కాను. జంక్షనులో కాగితాలు రాసుకొనే గుమాస్తాను. అయినా యీ విషయం మాట్లాడతానని నేనే కార్యదర్శిగారిని అడిగినాను. కారణం చెప్తాను.

మన పఠనాలయంలో ఆదివారం పొద్దున చదరంగపు పలకలు పరుస్తున్నాము గదా. వొకనాడు తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడొకడు నల్లపావులతో కూర్చున్నాడు. యెదుట మన పెద్దలలో వొకరు. పెద్దాయన పలక నడిమధ్యకు రెండు బంట్లను దర్జాగా నడిపించినారు. కుర్రవాడు వాటికి యెదురు నిలబడలేదు. రాజు పక్క గుర్రం ముందున్న బంటును వొక్క గడి జరిపి, ఆ సందులోకి శకటును తెచ్చి పెట్టినాడు. చుట్టూ నిలబడినవారు నవ్వినారు. “చేనంతా వాళ్లకు రాసిచ్చి గట్టుమీద కూర్చున్నావేమిరా” అన్నారొకరు. ఆ ఆట కుర్రవాడు వోడినాడు కూడా. మరుసటి ఆదివారం రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు.

వాడు ఆడినది తెలియక ఆడినది కాదు. దానికొక పేరున్నది. దాని వెనుక నూరేళ్ల శాస్త్రమున్నది. అంతకు ముందు మన దేశపు కథ కూడా వొకటున్నది. అదంతా తెలిసిన తర్వాత కూడా నవ్వాలనిపిస్తే నవ్వండి, నాకభ్యంతరం లేదు.

ముందుగా మాటలు సరిచూసుకుందాము. యీ వూళ్లో మాటలతోనే సగం తగవు వస్తుంది. మన యిళ్లలో మంత్రి అంటే రాజు పక్కన నిలబడి యే దిక్కుకైనా పోగల పెద్ద పావు. మన పిల్లల బడిలో తమిళంలో మందిరి అంటే మూలలకు పోయే పావు. అక్కడ పెద్ద పావును రాణి అంటారు. “మంత్రిని తియ్యరా” అని తాత అంటే మనవడు వేరే పావును తీస్తాడు! కాబట్టి యీ ప్రసంగంలో మంత్రి అంటే పెద్ద పావే. మూలగా పోయేది శకటు. దానిని ఒంటె అనేవారూ వున్నారు. తిన్నగా పోయేది యేనుగు. మిగతావి గుర్రమూ, బంటూ, రాజూ. గళ్లకు పేర్లు అడ్డంగా ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, నిలువుగా 1 నుంచి 8 దాకా అంకెలు. తెల్లవారి మంత్రి ముందరి బంటు రెండు గళ్లు పోతే డీ4లో నిలుస్తుంది. యింతమాత్రం తెలిస్తే చాలు. ఆట రాని తల్లులు కూడా కథలాగా వినవచ్చును.

పాత పాఠం అందరికీ తెలిసినదే: నడుమనున్న నాలుగు గళ్లు పట్టుకో. యీ పాఠంలో తప్పేమీ లేదు. గుర్రాన్ని పలక మూలలో పెడితే రెండు గళ్లకే దూకగలదు, నడుమ పెడితే యెనిమిది గళ్లకు. శకటు మూలలో వుంటే యేడు గళ్లు చూస్తుంది, నడుమ వుంటే పదమూడు. నడుమ కూర్చున్నవాడి సైన్యం యిటూ అటూ సులువుగా తిరుగుతుంది. పక్కకు నెట్టబడ్డవాడి పావులు ఒకదాని కాళ్లు వొకటి తొక్కుకుంటాయి. జర్మనీలో తారాష్ అనే వైద్యుడు యీ పాఠాన్ని వేదంలాగా బోధించినాడు. ఆయన పుస్తకాలు చదివి యూరపు అంతా బంట్లను నడుమకు నడిపించింది.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తర్వాత కొందరు యువకులు దీనిని ప్రశ్నించినారు. రీగా పట్టణంలో పుట్టిన నిమ్జోవిచ్, హంగేరీ రాజ్యంలో పుట్టిన రేటీ, బ్రేయర్, వియన్నాలోని గ్రూన్‌ఫెల్డ్ వారిలో ముఖ్యులు. టార్టకోవర్ అనే చమత్కారి 1924లో వ్రాసిన పుస్తకం పేరులో యీ పద్ధతికి “హైపర్‌మోడర్న్” అన్న మాట పెట్టినాడు. మనం అతినవ్యం అనవచ్చును. వీరు అన్నది వొక్కటే మాట. నడుమ గళ్లను ఆక్రమించడం వేరు, అదుపులో పెట్టుకోవడం వేరు. పావు అక్కడ కూర్చోకపోయినా దూరంనుంచి దాని చూపు అక్కడ పడితే చాలును. అంతేకాదు, యెదుటివాడు ముందుగా బంట్లను నడిపించి నడుమ నిలబెడితే అవి కదలని గురిగా మారుతాయి. బంటు వెనక్కు పోలేదు గదా.

ఇది మన జోలార్‌పేటలో వున్నవారికి విడమరచి చెప్పనక్కరలేదు. చెన్నైనుంచి కాట్పాడి మీదుగా వచ్చే దారి మన దగ్గర రెండుగా చీలుతుంది. వొకటి బెంగుళూరుకు, వొకటి సేలం, ఈరోడు వైపుకు. ప్లాట్‌ఫారం నడుమ గొప్పగా నిలబడిన ఎక్స్‌ప్రెస్సుదా పెత్తనం, క్యాబినులో కూర్చున్నవాడిదా? బండి పెద్దదే, చప్పుడూ పెద్దదే. కాని పట్టాల మీద పాయింట్లు తిప్పేవాడు దూరంగా వున్నాడు. పూర్వం పొడుగాటి లీవర్లు లాగేవాడు, యిప్పుడు బల్లమీద మీటలు నొక్కుతాడు. వాడు పట్టాలమీదికి దిగి నిలబడితే పని జరగదు, ప్రాణమూ పోతుంది. నల్లవారి శకటు జీ7 గడిలో కూర్చున్నదంటే అది క్యాబినులో కూర్చున్నదన్నమాట. అక్కడినుంచి దాని చూపు మూలగా డీ4 మీదుగా తెల్లవారి యేనుగు గూడు దాకా పోతుంది. కుర్రవాడు చేసినది అదే.

ఇక ఆ ఆట యెత్తులు. తెల్లవారు మంత్రి బంటును డీ4కు నడుపుతారు. నల్లవారు బంటుకు బంటు యెదురు పెట్టక, రాజు పక్క గుర్రాన్ని ఎఫ్6లోకి దూకిస్తారు. ఆ గుర్రం నడుమనున్న రెండు గళ్లను, ఈ4నూ డీ5నూ, చూస్తున్నది. తెల్లవారు సీ4కు రెండో బంటును నడుపుతారు. నల్లవారు జీ బంటును వొక్క గడి జరుపుతారు. తెల్లవారి గుర్రం సీ3కి వస్తుంది. మరో యెత్తు ఆగితే ఈ4కు కూడా బంటు వచ్చి నడుమ భాగమంతా తెల్లబడుతుంది. సరిగ్గా యిప్పుడే నల్లవారు తమ మంత్రి బంటును డీ5కు నడిపి తగవు పెడతారు. దీనినే గ్రూన్‌ఫెల్డ్ రక్షణ అంటారు. తెల్లవారు ఆ బంటును తింటారు, నల్లగుర్రం తిరిగి తింటుంది. తెల్లవారు ఈ4కు బంటును తోసి ఆ గుర్రాన్ని అదిలిస్తారు. గుర్రం పారిపోదు, సీ3లోని తెల్లగుర్రాన్ని తిని తానూ పోతుంది. ఇప్పుడు లెక్క చూడండి. తెల్లవారికి సీ3, డీ4, ఈ4 గళ్లలో మూడు బంట్లు వరుసగా నిలబడినవి. చూడడానికి గాలిగోపురంలాగా వుంటుంది. నల్లవారికి నడుమ వొక్క బంటూ లేదు. నవ్వేవారు నవ్వేది యిక్కడే.

కాని ఆట యిక్కడే మొదలు. నల్లశకటు జీ7లోకి వచ్చి కూర్చుంటుంది. దాని చూపు డీ4మీద. నల్లవారు సీ బంటును రెండు గళ్లు తోస్తారు. అది డీ4మీద. మంత్రి పక్క గుర్రం సీ6లోకి వస్తుంది. అదీ డీ4మీదే. మంత్రి తన యింట్లోనే వుండి డీ వరుసంతా చూస్తుంటుంది, యెందుకంటే ఆ వరుసలో తన బంటు లేదు, దారి తెరచి వుంది. అది నాలుగోది. రెండో శకటు జీ4కు వెళ్లి, డీ4ను కాపాడే తెల్లగుర్రాన్ని పట్టుకుంటుంది. నాలుగు పావులు వొకే గడిని చూస్తుంటే, ఐదోది ఆ గడి కాపలాదారు మెడ పట్టుకున్నదన్నమాట. తెల్లవారు ఆ వొక్క బంటును కాపాడడానికి మంత్రినీ, శకటునూ, గుర్రాన్నీ కట్టివేయవలసి వస్తుంది. గాలిగోపురం నిలబడుతుంది గాని యింటిల్లపాదీ దానికి ముట్లు పెట్టి నిలబడాలి.

ఇందులోని రహస్యమంతా సమయంలో వున్నది. నల్లవారు నడుమను వదులుకోలేదు, అప్పు యిచ్చినారు. అప్పు యిచ్చినవాడు గడువునాడు తలుపు తట్టకపోతే దానం చేసినట్టే. సీ బంటును తోయవలసిన చోట తోయక, పనికిరాని యెత్తు వొకటి వేస్తే, తెల్లవారి మూడు బంట్లూ కదలి మీదికి వస్తాయి. అప్పుడు జీ7లోని శకటు ముందర గోడ కట్టినట్టవుతుంది, క్యాబినుకు పట్టాలు కనబడవు. మన కుర్రవాడు ఆనాడు వోడినది యిందుకే. పద్ధతి తప్పుకాదు, అప్పు వసూలు చేయడంలో ఆలస్యం. పెద్దాయన బంటు డీ5కు వచ్చేదాకా వాడు చూస్తూ కూర్చున్నాడు.

దీనికి అన్నలాంటిది రాజు భారతీయ రక్షణ. అందులోనూ శకటు జీ7లోనే. కాని అక్కడ నల్లవారు డీ5కు బదులు డీ6 దగ్గర ఆగి, నడుమంతా తెల్లవారికి యిచ్చి, తీరికగా తర్వాత ఈ5 తోస్తారు. ఓపిక యెక్కువ కావాలి. యిరుకులో ఆడడం అలవాటుండాలి. నా అభిప్రాయమడిగితే, పిల్లలకు ముందు గ్రూన్‌ఫెల్డే మంచిది. అందులో గడువు దగ్గరగా వుంటుంది, చేసిన తప్పు పది యెత్తులలో తెలిసిపోతుంది. రాజు భారతీయంలో తప్పు ముప్పయ్యో యెత్తుకు బయటపడుతుంది, అప్పుడు యేది తప్పో యెవరికీ తెలియదు.

ఆ శకటు గురించి వొక్క జాగ్రత్త. మన వేలూరు కోటను తలచుకోండి. చుట్టూ అగడ్త, లోపల గోడ. నల్లవారి రాజు కోట కట్టుకొని జీ8లో కూర్చున్న తర్వాత ఎఫ్7, జీ6, హెచ్7 బంట్లు గోడ, జీ7 శకటు అగడ్తలో నీరు. తెల్లవారు తమ శకటును హెచ్6కు తెచ్చి దీనికి మార్పిడి చేస్తే నీరు ఎండిపోతుంది. ఎఫ్6, హెచ్6 గళ్లు బోసిపోయి యెవరైనా నడచి రావచ్చు. కాబట్టి ఆ శకటును వూరికే యివ్వకూడదు.

ఇక కథ. గ్రూన్‌ఫెల్డు యీ పద్ధతిని 1922లో పందెపు ఆటలలోకి తెచ్చినాడు. ఆ సంవత్సరమే వియన్నాలో అలేఖిన్‌ను దీనితో వోడించినాడు. అలేఖిన్ తర్వాత ప్రపంచ విజేత అయినవాడు. అందుచేత పద్ధతికి గ్రూన్‌ఫెల్డు పేరు నిలిచింది. న్యాయమే. కాని అంతకు 67 సంవత్సరాల ముందే, 1855 మే నెలలో, కలకత్తాలో వొక బెంగాలీ బ్రాహ్మణుడు యివే యెత్తులు ఆడినాడు. ఆయన పేరు మహేశచంద్ర బెనర్జీ. యెదుట కూర్చున్నది జాన్ కాక్రేన్, స్కాట్లండు దేశస్థుడు, కలకత్తాలో న్యాయవాది, ఆ కాలంలో పేరుమోసిన ఆటగాడు. మనకు కాలం అంచనా తెలియాలంటే, చెన్నపట్నం రాయపురంనుంచి వాలాజా రోడ్డుకు దక్షిణదేశపు మొదటి రైలు నడిచినది 1856 జూలైలో. మన జోలార్‌పేటనుంచి బెంగుళూరు శాఖ పడినది 1864లో. అంటే మన వూరికి పట్టాలు రాకముందే ఆ ఆట జరిగినది.

బెనర్జీగారికి యీ పద్ధతి యెలా తట్టింది? ఆయన పుస్తకాలు చదివి ఆడినది కాదు, యూరపులోనే అప్పుడు యీ పుస్తకం లేదు. ఆయన పెరిగినది మన దేశపు చదరంగంలో. మన పాత ఆటలో చాలాచోట్ల బంటు మొదటి యెత్తులోనైనా వొక్క గడే నడుస్తుంది. కోట కట్టడం లేదు, రాజు వొక్కసారి గుర్రంలాగా దూకుతాడు. మన తాతలు ఆడినది యిదే. అలాంటి ఆటలో నడుమకు పరుగెత్తడం కుదరదు. బంట్లను వొక్కొక్క గడి జరిపి, శకట్లను పక్క సందులలో పెట్టి, నింపాదిగా కట్టుకుంటూ వస్తారు. ఆ చేతివాటంతోనే ఆయన తెల్లవారి నిబంధనల ఆటలోకి వచ్చినాడు. కాక్రేనుతో ఆయన ఆడిన చాలా ఆటలు అచ్చులో మిగిలినవి. ఆ ఆటలను బట్టే యూరపువారు యీ జాతి యెత్తులకు “భారతీయ రక్షణ” అని పేరు పెట్టినారు. ఇప్పుడు ప్రపంచమంతా రాజు భారతీయం, మంత్రి భారతీయం, నిమ్జో భారతీయం అని నోరారా అంటున్నది. ఇందులో వొక చిన్న ముల్లున్నది. కాక్రేను తన గుర్రాన్ని యెర వేసి ఆడిన వొక యెత్తుగడను కాక్రేన్ గాంబిట్ అంటారు, అది కూడా 1848లో బెనర్జీగారి మీద ఆడినదే. ఆయన పేరు పుస్తకంలో నిలిచింది. మనవాడికి పేరు నిలవలేదు, దేశం పేరు నిలిచింది. దీనికి కోపపడాలా అని నన్ను వొకరు అడిగినారు. నాకు కోపం రాలేదు. బెనర్జీగారు అలవాటుచేత ఆడినారు, గ్రూన్‌ఫెల్డు దానిని శాస్త్రంగా కట్టినాడు. రెండూ పనులే. కాని పిల్లలకు చెప్పేటప్పుడు మొదటి పేరు వదలిపెట్టడం మాత్రం సరికాదని నా మనవి.

అంతకుముందే, 1814లో, బొంబాయిలో త్రివెంగడాచార్య శాస్త్రి అనే ఆయన సంస్కృతంనుంచి ఇంగ్లీషులోకి తెచ్చిన చదరంగపు సమస్యల పుస్తకం అచ్చయింది. పేరు చూస్తేనే మన వైపువాడని తోస్తుంది. పుస్తకం పేరులోనే యూరపు పద్ధతికి సరిపోయేలా కూర్చినదని వుంది. అంటే రెండు ఆటల నడుమ వంతెన కట్టే పని దక్షిణాదివారు అప్పుడే మొదలుపెట్టినారన్నమాట.

తర్వాతి కాలంలో యీ రక్షణ యెవరి చేతిలో యెలా పలికిందో కొంచెం చెప్తాను. 1956లో న్యూయార్కులో పదమూడేళ్ల ఫిషర్, డొనాల్డ్ బైర్న్ అనే పెద్దవాడితో నల్లపావులతో ఆడినాడు. తెల్లవారు నడుమ గొప్పగా పట్టుకున్నారు కాని రాజుకు కోట కట్టలేదు. ఫిషర్ 17వ యెత్తులో మంత్రినే వదలిపెట్టి, 41వ యెత్తులో ఆటకట్టించినాడు. శతాబ్దపు ఆట అని దానికి పేరు. మన కుర్రవాడు దాదాపు ఆ వయసువాడే. పదమూడేళ్లవాడు ఆడకూడని పద్ధతి యిది కాదని చెప్పడానికే చెప్పినాను.

కాస్పరోవ్ 1986లో కార్పోవ్‌తో ప్రపంచ పోటీలో దీనిని పదేపదే ఆడినాడు. దీనితో కొన్ని ఆటలు వోడినాడు కూడా, అయినా పట్టం నిలుపుకున్నాడు. 2000లో లండనులో క్రామ్నిక్ రెండో ఆటలోనే దీనిని బద్దలుకొట్టినాడు, ఆ పోటీలో కాస్పరోవ్ పట్టమే పోయింది. మన చెన్నై ఆనంద్‌గారి సంగతి యింకా ముచ్చటైనది. 2010 ఏప్రిలులో సోఫియా నగరంలో తోపలోవ్‌తో పోటీ. ఐస్‌లాండులో అగ్నిపర్వతం పేలి బూడిద మేఘం కమ్మి యూరపులో విమానాలు ఆగిపోయినవి. ఆనంద్‌గారు ఫ్రాంక్‌ఫర్టునుంచి వ్యానులో దాదాపు 40 గంటలు ప్రయాణం చేసి చేరుకున్నారు. (మన శాఖవారు ఆ దారికి వొక స్పెషలు వేసి వుంటే బాగుండేది!) మొదటి ఆటలో నల్లపావులతో గ్రూన్‌ఫెల్డ్ ఆడి వోడిపోయినారు. యెవరైనా ఆ పద్ధతిని పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. ఆయన పదో ఆటలో మళ్లీ అదే ఆడి సమం చేసుకున్నారు. చివరికి పోటీ 6½–5½తో ఆయనే గెలిచినారు. ప్రపంచ విజేతకే మొదటి ఆటలో దెబ్బ తగిలిన పద్ధతిని, తొమ్మిదో తరగతివాడు పఠనాలయంలో వోడినాడని మనం నవ్వడం యెంత న్యాయమో మీరే చెప్పండి.

మనవాళ్ల మాట వచ్చింది గనుక మరి నాలుగు మాటలు. గుంటూరు పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టరు అయినాడు. ఆ మరుసటి యేడు కోనేరు హంపి పదిహేనేళ్లకే ఆ బిరుదు తెచ్చుకున్నది. తల్లులు యిది గమనించాలి. మన ఆదివారపు పలకల దగ్గర యిప్పటికీ ఆడపిల్లలు ఇద్దరో ముగ్గురో. 2024 డిసెంబరు 12న సింగపూరులో చైనా దేశపు డింగ్ లిరెన్‌ను 7½–6½తో వోడించి ప్రపంచ విజేత అయిన దొమ్మరాజు గుకేశ్ చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన పిల్లవాడు. మన పిల్లలలాగే యింట్లో వొక భాష, వీధిలో వొక భాష. అప్పటికి వాడికి పద్దెనిమిదేళ్లు. వాడి వెనుక నిలిచి సాయం చేసినవారిలో మన హరికృష్ణ కూడా వొకడు.

ఆ చివరి ఆట, పద్నాలుగోది, మన విషయానికి దగ్గరగా వున్నది. అందులో తెల్లపావులు డింగువి. ఆయన నడుమకు బంట్లను తోయకుండా ముందు గుర్రాన్ని దింపి, జీ బంటును వొక్క గడి జరిపి, శకటును ఆ సందులో కూర్చోబెట్టినాడు. అంటే తెల్లవారే నల్లవారి పద్ధతి ఆడినారు. నల్లపావుల గుకేశ్ డీ5, సీ5 గళ్లలో బంట్లు నిలబెట్టి నడుమ పట్టుకున్నాడు. యెవరు గెలిచినారు? నడుమ పట్టుకున్నవాడే. కాని అది ప్రారంభపు యెత్తులవల్ల కాదు. గంటల తరబడి ఆట సమంగానే నడిచింది. 55వ యెత్తులో డింగు అలసటలో యేనుగును తప్పు గడిలో పెట్టి, యేనుగులూ శకట్లూ మార్పిడి కావడానికి దారి యిచ్చినాడు. మిగిలిన బంట్ల ఆట గుకేశ్‌ది. కాబట్టి అతినవ్యం గొప్పదా, పాతది గొప్పదా అని తీర్పు అడిగేవారికి యీ ఆట సాక్ష్యం చెప్పదు. మంచి మొదలు యెవరి చేతికీ ఆటను అప్పగించదు, ఆడదగిన ఆటను యిస్తుంది, అంతే.

ఇప్పుడు బెనర్జీగారి ఆటను పలకమీద వేసి చూపిస్తాను. పిల్లలు ముందుకు రండి.

మొదటి మూడు యెత్తులు నేను చెప్పినవే. నాలుగో యెత్తులో కాక్రేను ఈ4 ఆశ పెట్టుకోక ఈ3తో సరిపెట్టుకున్నాడు. జాగ్రత్తపరుడు. బెనర్జీగారు శకటును జీ7లో పెట్టి కోట కట్టినారు. డీ5లో బంట్ల మార్పిడి, సీ3లో గుర్రాల మార్పిడి అయినవి. యెనిమిదో యెత్తులో నల్లవారు సీ5 తోసినారు. చూడండి, 1922 తర్వాత పుస్తకాలు చెప్పిన యెత్తునే ఆయన యెవరూ చెప్పకుండా తోసినారు. తర్వాత గుర్రం సీ6, శకటు జీ4, యేనుగు సీ8. యిక్కడిదాకా నల్లవారి ఆట యీనాడు యే పోటీలోనైనా నిలుస్తుంది.

తర్వాత మంత్రి ప్రయాణం మొదలైనది. పదమూడో యెత్తులో ఏ5కు పోయింది. కాక్రేను యేనుగు సీ5కు వచ్చి అదిలించింది. మంత్రి బీ6కు తప్పుకున్నది. యేనుగు బీ5కు వచ్చి మళ్లీ అదిలించింది. మంత్రి డీ8కి, తన యింటికే తిరిగి వచ్చింది. మూడు యెత్తులు, బయలుదేరిన స్టేషనుకే టిక్కెట్టు. ఆ లోపల తెల్లమంత్రి బీ3లో కూర్చుని మూలగా ఎఫ్7 బంటును, దాని వెనుక రాజును చూస్తున్నది. తెల్లగుర్రం జీ5కు దూకింది. నల్లశకటు ఈ2లోని శకటును తిన్నది. తెల్లగుర్రం ఎఫ్7 బంటును తిని మంత్రిమీద కన్నేసింది. బెనర్జీగారు గుర్రాన్ని ఏ5కు తెచ్చి తెల్లమంత్రిని అదిలించినారు. నీ మంత్రికి నా మంత్రి అన్న లెక్క.

కాక్రేను తన మంత్రిని తీయలేదు. గుర్రాన్ని హెచ్6కు దూకించినాడు. గుర్రమూ, దాని వెనుక దారి తెరచుకున్న మంత్రీ రెండూ వొక్కసారే రాజుమీద పడినవి. జోడు షా అది. గుర్రాన్ని తిన్నా మంత్రి వున్నది, కాబట్టి రాజు కదలక తప్పదు. రాజు హెచ్8 మూలకు పోయినాడు. తెల్లమంత్రి జీ8కి వచ్చి రాజు పక్కనే నిలబడింది. గుర్రం కాపలా వున్నది గనుక రాజు తినలేడు, యేనుగే తినాలి. తిన్నది. గుర్రం ఎఫ్7కు తిరిగి వచ్చింది. ఆటకట్టు. రాజుకు ఒకవైపు తన యేనుగు, ముందర తన బంటు, మూలన తన శకటు. జీ7లో అంత గొప్పగా కూర్చున్న ఆ శకటే చివరికి రాజు దారికి అడ్డమైనది.

నిన్న యీ ఆటను పలకమీద వేసి చూస్తుంటే పక్కనున్నవాడొకడు, ఏ5కు గుర్రాన్ని తేకుండా ఈ2లోని శకటును సీ4కు తెచ్చి మంత్రి దారికి అడ్డం వేయవచ్చుగదా అన్నాడు. వేసి చూడండి. తెల్లమంత్రి దానిని తిని అదే మూలదారిలో, అదే చూపుతో నిలబడుతుంది. నల్లమంత్రిమీద గుర్రం కన్నూ అలాగే వుంటుంది. అంటే తప్పు అక్కడ లేదు, అంతకు ముందే యెక్కడో వున్నది. మంత్రి బయలుదేరిన పదమూడో యెత్తుదా, తొమ్మిదో యెత్తులో సీ5 బంటుతో డీ4ను తొందరపడి తిన్నదా? పలక యిక్కడే వుంచుతున్నాను. ఆదివారం పొద్దున వచ్చి వెదకండి. ఆ కుర్రవాడి యింటిపక్కన వున్నవారెవరైనా వుంటే వాడిని కూడా పిలుచుకొని రండి. నల్లపావులు వాడివైపే పెడతాము.